వనభోజనాలకు వెళుతున్నారా? దోమల సంగతి కూడా చూసుకోండి!

కార్తీకమాసం వచ్చిందంటే మనకు ఆదివారాలు ఇంట్లో గడవవు. ఒకవారం ఇరుగుపొరుగువాళ్ళతో, ఒకవారం ఆయనగారి ఆఫీసువాళ్ళతో, మరోవారం పుట్టింటివాళ్ళతో, ఏదో ఒక తోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు. పులిహోర ఎవరు కలపాలి, గడ్డపెరుగు ఎవరు తేవాలి, జంపఖానాలు ఎన్ని కావాలి అని పదిరోజుల ముందే జాబితా వేసుకుంటాం. ఆ జాబితాలో కరివేపాకు దగ్గర్నుంచి కర్పూరం దాకా అన్నీ వుంటాయి. దోమలకీ కుట్టే పురుగులకీ ఏం తీసుకువెళ్ళాలన్నది మాత్రం వుండదు. తీరా అక్కడికి వెళ్ళాక పిల్లలు కాళ్ళు బరబరా గోక్కుంటుంటే, "తోటన్నాక దోమలుండవుటే?" అని సరిపెట్టుకుంటాం.

అలా సరిపెట్టుకోవలసిన విషయం కాదిది. వానలు వెనకపట్టి, గుంటల్లో, పూలకుండీల్లో, చెట్ల తొర్రల్లో నీళ్ళు నిలిచివుండే కాలంలోనే మన వనభోజనాలూ వస్తాయి. డెంగీ జ్వరాలు ఎక్కువగా వుండేదీ ఈ రోజుల్లోనే. పైగా "పగటిపూటేగా వెళుతున్నాం, చీకటి పడకుండా వచ్చేస్తాంగా" అనే ధీమా ఒకటి మనకి. డెంగీ తెచ్చే దోమ కుట్టేది పగటిపూటే. అందుచేత ఈవేళ మనం, ఇల్లు కదిలి బయటికి వెళ్ళినప్పుడు దోమల బారినా ఇతర పురుగుల బారినా పడకుండా ఏం చెయ్యవచ్చో చెప్పుకుందాం.

ముందుగా, దోమ మనల్ని ఎలా వెతుక్కుంటూ వస్తుందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. మనల్ని కుట్టేది ఆడదోమ ఒక్కటే. మగదోమ పూలలోని తేనె, మొక్కల రసం తాగి బతికేస్తుంది. ఆడదానికి గుడ్లు పెట్టడానికి మాంసకృత్తులు కావాలి గనుక రక్తం కోసం వస్తుంది. మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు వుంటుంది కదా, ఆ జాడని అది దూరంనుంచే పసికడుతుంది. కాస్త దగ్గరికి వచ్చాక ముదురు రంగులు దాని కంటికి ఆనతాయి. మరీ దగ్గరికి వచ్చాక ఒంటి వేడి, చెమట వాసన దారి చూపిస్తాయి. "మా చంటివాడిది తీపి రక్తం, అందుకే వాణ్ణి కుడుతున్నాయి" అంటూ వుంటాం. రక్తం తీపికీ దీనికీ ఏమీ సంబంధం లేదు. పరుగులు పెట్టి చెమటలు కక్కుతున్న పిల్లవాడు, పొయ్యి దగ్గర కూర్చుని వండుతున్న ఇల్లాలు, నెలలు నిండుతున్న గర్భిణి వీళ్ళందరి ఒళ్ళూ వెచ్చగా వుంటుంది, ఊపిరీ ఎక్కువగా వదులుతారు. దోమలు వీళ్ళ చుట్టూ ఎక్కువగా చేరడంలో వింత లేదు.

దోమల్లోనూ రకాలున్నాయి. ఒంటిమీద, కాళ్ళమీద తెల్లటి పట్టీలు వున్న నల్లదోమని మీరు చూసేవుంటారు. డెంగీకీ, చికున్ గున్యాకీ అదే మూలం. పొద్దెక్కిన రెండుమూడు గంటలూ, మళ్ళీ సూర్యాస్తమయానికి ముందూ అది బాగా చురుగ్గా వుంటుంది. నీడ వున్నచోట పగలంతా కూడా కుడుతుంది. చెవి దగ్గర పాట పాడదు, చప్పుడు లేకుండా మడమల దగ్గర, మోచేతుల వెనక కుట్టి పోతుంది. దీనికి తోటల్లో తిరిగే చెల్లెలు ఒకటుంది. వీపుమీద ఒకే ఒక్క తెల్లగీత వుంటుంది. చెట్టుతొర్రలు, వెదురు మోళ్ళు, కొబ్బరిచిప్పలు దీని పుట్టిళ్ళు. మన వనభోజనాల చెట్టునీడలో ముందుగా ఎదురయ్యేది ఇదే కావచ్చు.

మలేరియా దోమ వేరు. అది రాత్రిపూట కుడుతుంది. గోడమీద వాలినప్పుడు తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. దోమకీ మలేరియాకీ వున్న సంబంధం బయటపడింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, రోగిని కుట్టిన దోమ పొట్టని కోసి మైక్రోస్కోపు కింద పరీక్షించి, మలేరియా క్రిమిని అందులో కనుక్కున్నాడు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ వుంది. ఇక మూడోది, మురుగుకాలవల్లో పుట్టి రాత్రిళ్ళు చెవుల్లో సన్నాయి ఊదే దోమ. బోదకాలు తెచ్చేది అదే.

ఇప్పుడు మనం చెయ్యవలసినవి చూద్దాం. మొదటిది, చోటు ఎన్నుకోవడం. చల్లగా వుందికదా అని అరటిబోదెల మధ్యనో, వరిచేను గట్టునో, పాడుపడ్డ నుయ్యి పక్కనో జంపఖానాలు పరవకండి. దోమ బలహీనమైన ప్రాణి, గాలికి ఎదురు ఎగరలేదు. అంచేత గాలి బాగా ఆడే చోటు, గడ్డి కొట్టించిన చోటు, చుట్టుపక్కల నీళ్ళు నిలవలేని కాస్త ఎత్తైన చోటు మంచిది. తోట యజమాని తెలిసినవాళ్ళైతే, ముందురోజు ఆ చెట్టుకింద ఊడిపించి, తొట్లలోనూ డబ్బాల్లోనూ వున్న నీళ్ళు పారబోయించమని ఒకమాట చెప్పండి. తోటలో పాకకి కరెంటు వుంటే, ఇంట్లోంచి ఒక టేబుల్ ఫ్యాను పట్టుకువెళ్ళినా ప్రయోజనమే. ఫ్యాను గాలికి దోమ నిలవలేదు, మన ఊపిరి జాడా చెదిరిపోతుంది.

రెండోది బట్టలు. వనభోజనాలంటే మనకి మంచి చీర కట్టుకోవాలనే వుంటుంది, కాదనను. కాని ముదురు నీలం, నలుపు, చిక్కటి ఎరుపు రంగులు దోమల్ని పిలుస్తాయి. లేతరంగులే మేలు. చీరతో మనకున్న ఇబ్బంది ఏమిటంటే పాదాలు, మడమలు, నడుము, మెడ వెనకభాగం ఎప్పుడూ బయటే వుంటాయి. పలచటి మేజోళ్ళు వేసుకుంటే మడమలు దాగుతాయి. ఆడపిల్లలకి గౌనుకి బదులు పొడుగు పరికిణీ గాని, చుడీదారు గాని, మగపిల్లలకి పొడుగు లాగూ, పొడుగు చేతుల చొక్కా వెయ్యండి. బట్ట ఒంటికి అతుక్కుని వుంటే దోమ దానిమీదనుంచే కుట్టేస్తుంది. అందుకని వదులుగా వుండాలి. కాళ్ళకి చెప్పులకంటే మూసివుండే బూట్లు మంచివి, ముళ్ళకీ తేళ్ళకీ కూడా అవి అడ్డు.

మూడోది ఒంటికి రాసుకునే మందు. బజారులో ఓడోమాస్ లాంటి క్రీములు, స్ప్రేలు, రోల్ ఆన్లు బోలెడు దొరుకుతున్నాయి. ఇవి దోమని చంపవు, మన వాసన దానికి అంతుపట్టకుండా చేస్తాయి, అంతే. కొనేటప్పుడు పేరుకంటే వెనకవైపు చిన్న అక్షరాల్లో వున్న మందు పేరు చూడండి. డీట్, పికారిడిన్, డైఇథైల్ బెంజమైడ్ లాంటి పేర్లు కనిపిస్తాయి. డీట్ ని 1946లో అమెరికా సైన్యం కోసం తయారుచేశారు. ఇన్నేళ్ళుగా ప్రపంచమంతా వాడుతున్నారు. డబ్బామీద వేసిన శాతం ఎక్కువైతే ఎక్కువ సేపు పనిచేస్తుందని అర్థం, ఎక్కువ గట్టిగా పనిచేస్తుందని కాదు. నాలుగైదు గంటల షికారుకి అంత ఘాటైనది అక్కరలేదు.

రాసుకోవడంలో మనం చాలామంది చేసేదేమిటంటే, చేతిమీద ఒక చుక్క, కాలిమీద ఒక చుక్క పెట్టుకుని అయిపోయిందనుకోవడం. రాసుకోని చోటు నాలుగువేళ్ళంత వున్నా దోమ అక్కడికే వస్తుంది. బయటికి కనిపించే చర్మమంతా పలచగా, సమంగా రాసుకోవాలి. మడమల వెనక, చెవుల వెనక, మెడమీద మరిచిపోకూడదు. గాట్లమీద, దద్దుర్లమీద రాయకూడదు. బట్టకింద దాగే చోట రాయనక్కరలేదు. ఎండకి క్రీము రాసుకునే అలవాటుంటే ముందు అది రాసుకుని, ఆరాక దానిమీద దోమలమందు రాసుకోవాలి. చెమట పట్టినా, కాళ్ళూ చేతులూ కడుక్కున్నా మందు పోతుంది, మళ్ళీ రాసుకోవాలి. వంట చేసేవాళ్ళు, వడ్డించేవాళ్ళు రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కోవాలి. స్ప్రే అయితే తినే పదార్థాలకి దూరంగా వెళ్ళి కొట్టుకోండి.

పిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రెండు నెలలు నిండని పసికందుకి ఏ మందూ రాయవద్దు. ఉయ్యాలకో, తోపుడు బండికో దోమతెర కట్టండి, అదే రక్ష. ఆపై వయసు పిల్లలకి డబ్బామీద ఏ వయసునుంచి వాడవచ్చో చదివి, పిల్లల డాక్టరుని ఒకమాట అడిగి వాడండి. నీలగిరి జాతి చెట్టునుంచి తీసిన నిమ్మవాసన మందు ఒకటి వస్తోంది, దాన్ని మూడేళ్ళలోపు పిల్లలకి వాడకూడదు. మందు పిల్లల చేతికి ఇవ్వకండి. మీరే మీ అరచేతుల్లో వేసుకుని వాళ్ళకి రాయండి. వాళ్ళ అరచేతులకి, కళ్ళ దగ్గర, నోటి దగ్గర రాయవద్దు. చెయ్యి నోట్లో పెట్టుకోని పిల్లలుంటారా చెప్పండి? ఇంటికి వచ్చాక సబ్బుతో స్నానం చేయించి మందంతా పోగొట్టాలి.

"ఈ మందులన్నీ ఎందుకండీ, మన పెద్దవాళ్ళ వేపాకు పొగ చాలదా?" అంటారేమో. పెద్దవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. వేపనూనె కొద్దిగా కొబ్బరినూనెలో కలిపి ఒంటికి రాసుకుంటే దోమలు కొంతసేపు దూరంగా వుంటాయి. వాసన భరించాలి, తరచు రాసుకోవాలి, అంతే. కాని వేపనూనె పసిపిల్లల నోట్లోకి పోకుండా చూడండి. కడుపులో పురుగులు పోతాయని పట్టించే అలవాటు కొన్ని ఇళ్ళలో వుంది, అది ప్రాణంమీదికి తెస్తుంది సుమండీ. నిమ్మగడ్డి నూనె, సిట్రొనెల్లా నూనె కమ్మటి వాసనే గానీ, గంటలోపే ఆవిరైపోతాయి. ఇక పొగ అంటారా, ఆరుబయట గాలి ఎటు వీస్తే అటు పోతుంది. అది మళ్ళినవైపు దోమలు తగ్గుతాయి, అవతలివైపు వుండనే వుంటాయి. ఉబ్బసం వున్న పిల్లలు, పెద్దవాళ్ళు వుంటే పొగ జోలికి పోకపోవడమే మంచిది. చేతికి కట్టుకునే దోమల పట్టీలు, మనకి వినపడని శబ్దంతో దోమల్ని తరుముతామనే యంత్రాలు, వెల్లుల్లి తింటే దోమ రాదనే మాట, వీటిని నమ్ముకుని డబ్బూ నమ్మకమూ పోగొట్టుకోవద్దు.

పొగ అన్నాను గనుక మరోమాట. గాడిపొయ్యి తవ్వే ముందు మగవాళ్ళని ఒకసారి తలెత్తి చెట్టు పైకి చూడమనండి. పెద్ద తేనెపట్టు వున్న చెట్టుకింద పొయ్యి రాజేస్తే ఆ పొగకి తేనెటీగలు లేచి మందిమీద పడతాయి. సరదాగా వెళ్ళిన వనభోజనం ఆస్పత్రిలో ముగిసిన సందర్భాలు పత్రికల్లో చదువుతూనే వున్నాం. అలా లేచినప్పుడు చేతులు విసరకుండా, కొంగుతో మొహం, తల కప్పుకుని, పిల్లల్ని లాక్కుని, కారులోకో ఇంట్లోకో పరుగెత్తడమే. కుట్టినచోట ముల్లు వుండిపోతే వెంటనే గోటితో గీకి తీసెయ్యాలి, ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది. తరవాత చన్నీళ్ళ గుడ్డ వెయ్యండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, చాలా ఈగలు కుట్టినా ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. కందిరీగలు తీపికి వస్తాయి. షర్బత్తు గ్లాసులమీద మూతలు పెట్టండి. గ్లాసులో పడిన ఈగని చూడకుండా తాగితే గొంతులో కుడుతుంది. చీమలకి మన పాత ఉపాయమే వుంది, పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో క్యారియరు పెట్టడం. వెళ్ళేటప్పుడు ఆ నీళ్ళు పారబొయ్యడం మాత్రం మరవకండి.

కిందకూర్చోవడంలో కూడా ఒక కిటుకు వుంది. పొదలు, ఎత్తుగా పెరిగిన గడ్డి వున్నచోట కంటికి ఆనని పురుగు పిల్లలు వుంటాయి. అవి బట్టల్లోకి పాకి, నడుం కట్టు దగ్గర, చంకల్లో, గజ్జల్లో కుడతాయి. నొప్పి వుండదు. వారం పదిరోజులకి జ్వరం వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపించవచ్చు. దీన్ని స్క్రబ్ టైఫస్ అంటారు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వుంది. తొందరగా కనిపెడితే మందులతో తేలిగ్గా తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకీ మూత్రపిండాలకీ చేటు. అంచేత గడ్డిమీద నేరుగా కూర్చోకండి, పడుకోకండి. దళసరి జంపఖానాగాని, దానికింద ఒక ప్లాస్టిక్ పట్టాగాని పరవండి. విడిచిన బట్టలు పొదలమీద ఆరవెయ్యకండి. ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేణ్ణీళ్ళలో నానబెట్టి ఉతకండి.

పశువులు మేసే చోట గోమార్లు పట్టుకుంటాయి. ఒంటిమీద గోమారి కనిపిస్తే అగరువత్తితో కాల్చడం, కిరసనాయిలు పొయ్యడం చెయ్యకండి. కనుబొమలు సరిచేసుకునే ప్లక్కరుతో చర్మానికి దగ్గరగా దాని తలని పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. తరవాత సబ్బుతో కడగండి. జోరీగలు చీర మీదనుంచి కూడా కుడతాయి. పశువులకి కాస్త ఎడంగా కూర్చుంటే వాటి పోరు తగ్గుతుంది.

అరకు, పాడేరు, మారేడుమిల్లి, పాపికొండల వైపు వెళ్ళి రాత్రి బస చేసేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఇంకా వుంది. సెలయేళ్ళ ఒడ్డున గుడారాల్లో రాత్రి గడపడం సరదాగానే వుంటుంది, కాని దోమతెర లేకుండా పడుకోవద్దు. తెర అంచులు పరుపు కిందికి మడవాలి, లోపల దోమ లేదని టార్చిలైటుతో చూసుకోవాలి. పాత మట్టిగోడల ఇళ్ళల్లో ఇసుక ఈగలుంటాయి. దోమకంటే చిన్నవి, గెంతుతున్నట్టు ఎగురుతాయి, మామూలు తెర కన్నాల్లోంచి దూరిపోతాయి. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో చండీపురా జ్వరం 329 మంది పిల్లలకి సోకింది, వాళ్ళలో 183 మంది చనిపోయారు. ఆ జ్వరాన్ని మోసేవి ఈ ఇసుక ఈగలే. అలాంటిచోట సన్నకన్నాల తెర, ఫ్యాను, ఒంటికి మందు మూడూ వుండాలి. పిల్లల్ని నేలమీద పడుకోబెట్టవద్దు.

ఇంత చేసినా ఒకటీ అరా కుట్టనే కుడతాయి. కుట్టినచోట సబ్బుతో కడిగి చన్నీళ్ళ గుడ్డ గాని, గుడ్డలో చుట్టిన ఐసు గాని పెట్టండి. కాలమైన్ లోషను రాస్తే దురద తగ్గుతుంది. బయలుదేరే ముందే పిల్లల గోళ్ళు తీసెయ్యండి, గోకి పుళ్ళు చేసుకోకుండా వుంటారు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. మా వీధిలో ఒకావిడ ఆరేళ్ళ మనవరాలికి తోటనుంచి వచ్చిన ఆరోరోజున జ్వరం తగిలింది. ఎండదెబ్బ అని ఒకరు, దిష్టి అని ఒకరు అన్నారు. డాక్టరుగారు "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళారా?" అని అడిగితేగాని ఎవరికీ తోట గుర్తుకు రాలేదు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. సకాలంలో పోయారు గనుక పిల్ల దక్కింది. డెంగీ, దోమ కుట్టిన నాలుగు నుంచి పదిరోజుల్లో బయటపడుతుంది. మలేరియాకి సాధారణంగా వారం రెండు వారాలు పడుతుంది, ఒకరకం నెలల తరవాత కూడా రావచ్చు. అందుచేత ఎక్కడికి, ఏ తేదీన వెళ్ళారో క్యాలెండరుమీద రాసిపెట్టుకోండి. జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకి మీరే ముందుగా చెప్పండి. ఈలోగా నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగించండి. జ్వరానికి తగిన మోతాదులో పారసెటమాల్ తప్ప, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల బిళ్ళలు ఇవ్వకండి. డెంగీ అయితే వాటివల్ల రక్తస్రావం ఎక్కువవుతుంది. ఇంకో సంగతి, డెంగీలో జ్వరం దిగిపోయి, హమ్మయ్య అనుకునే రోజునే అసలు ప్రమాదం. అప్పుడు కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, పిల్ల మగతగా పడివుండడం, ఇలాంటివి కనిపిస్తే రాత్రని చూడకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చివరిగా మనం తోటకి ఇచ్చి వచ్చే బహుమతి గురించి. వందమంది తిన్న వనభోజనం అయ్యాక ఎన్ని ప్లాస్టిక్ గ్లాసులు, ఎన్ని కొబ్బరిబొండాలు అక్కడ పడివుంటాయో చూశారా? ఒక్కవాన పడితే ప్రతి గ్లాసూ ఒక దోమల తొట్టే. గుడ్డునుంచి దోమ అయ్యేందుకు వారం పదిరోజులు చాలు. నల్లదోమ గుడ్లు నీళ్ళు ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. మనం వచ్చే ఆదివారం ఇంకో తోటకి వెళ్ళిపోతాం, కాని ఆ తోటమాలి పిల్లలు ఎక్కడికీ పోరు కదండీ. అంచేత రెండు పెద్ద గోనెసంచులు కూడా జాబితాలో రాయండి. అన్నీ ఏరి సంచిలో కట్టి, చెత్త పోసేచోట పోయించి రండి. విస్తళ్ళు వాడితే మరీ మంచిది. కొబ్బరిచిప్పలు బోర్లించి వదలకుండా పొయ్యిలో వేసేయించండి.

లేతరంగు బట్టలు, మేజోళ్ళు, ఒంటికి రాసుకునే మందు, సబ్బు, దళసరి పట్టా, పసివాడికి దోమతెర, ప్లక్కరు, కాలమైన్ లోషను, గోనెసంచులు. ఇవన్నీ కలిపినా ఒక చేతిసంచిలో పట్టేవే. ఈసారి పులిహోరకి నిమ్మకాయలు రాసుకునేటప్పుడే వీటినీ రాసుకోండి. పొద్దు వాలకముందే సామాను సర్దుకుని బయలుదేరండి. ఉసిరిచెట్టు కింద కడుపునిండా తిని, కబుర్లు చెప్పుకుని, పిల్లాపాపలతో క్షేమంగా ఇల్లు చేరండి.